డోనట్ల గిన్నె ఖాళీగా రాలేదు

మా వీధిలో ఎవరి గిన్నెనూ ఖాళీగా తిరిగి ఇచ్చే అలవాటు లేదు. పులిహోర వెళ్లిన గిన్నెలో గోంగూర పచ్చడి వస్తుంది. ఇంట్లో ఏమీ లేని రోజున గుప్పెడు పంచదారైనా, రెండు కరివేపాకు రెబ్బలైనా వేసి పంపుతారు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఇది వ్యాపారమని మాత్రం మాలో ఎవరికీ తెలియదు. తినుబండారాల క్రమబద్ధీకరణ కార్యాలయం వారు వచ్చి కళ్లు తెరిపించేదాకా తరతరాలుగా అజ్ఞానంలోనే బతికాం.

మా అమ్మాయి లహరికి పోయిన ఏడాది పచ్చకామెర్లు వచ్చాయి. తగ్గాక కూడా నూనెలో వేగినవి ఏడాదిపాటు పెట్టొద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. గారె లేదు, పునుగు లేదు, బజ్జీ లేదు. బడి గేటు పక్కనుండే మిరపకాయ బజ్జీల బండిని పిల్ల ముక్కు మూసుకుని దాటేది. ఈమధ్య క్లాసులో ఎవరో పుట్టినరోజుకి డోనట్లు పంచారట. అందరూ తింటుంటే ఇది చేతిలో పట్టుకుని, దాని చిల్లులోంచి కాసేపు అందర్నీ చూసి, పక్కనున్న పిల్లకి ఇచ్చేసిందట. ఆ సంగతి నవ్వుతూ చెప్పింది. నా భార్య హైమ మాత్రం నవ్వలేదు.

"వచ్చే ఆదివారం దీని పుట్టినరోజు కదా. నూనె చుక్క లేకుండా ఓవెన్లో నేనే చేస్తాను. ఈసారి అందరితోపాటు అదీ తినాలి" అంది.

గృహప్రవేశానికి మా బావమరిది ఇచ్చిన ఓవెన్ అప్పటిదాకా అట్టపెట్టెలోనే ఉండి, పప్పు డబ్బాలకు పీటగా పనికొచ్చేది. హైమ దాన్ని దింపి తుడిచింది. గోరువెచ్చని పాలలో పంచదార, ఈస్టు కలిపి మూతపెట్టింది. నురగ వచ్చాక మైదాలో పోసి, వెన్న వేసి, పిండితో పాత తగవేదో ఉన్నట్టు పిసికింది. తడిగుడ్డ కప్పి ఉంచితే పిండి రెట్టింపయింది. దాన్ని మందంగా పరిచి, మజ్జిగ గ్లాసుతో గుండ్రంగా కోసి, దగ్గుమందు సీసా మూతతో మధ్యలో చిల్లు పెట్టింది. మొదటి వాయి గోడకి మేకు కొట్టుకోవడానికి పనికొచ్చేలా వచ్చింది. కోసిన తరువాత కూడా పిండిని ఇంకాసేపు పొంగనివ్వాలని అప్పుడు తెలిసింది. రెండో వాయి మెత్తగా, పట్టుకుంటే వేలు దిగేలా వచ్చింది. పైన వెన్న రాసి, యాలకుల పొడి కలిపిన పంచదార చల్లింది.

లహరి ఒకటి తిని ఇంకొకటి అందుకుంది. తరువాత, "నా ఫ్రెండ్సందర్నీ ఆదివారం పిలుస్తానమ్మా. నాకు వేరేగా ఇడ్లీ పెట్టక్కర్లేదు కదా?" అంది.

ఆ సంతోషంలో హైమ పక్కింటి భ్రమరాంబ గారికి ఒక గిన్నెలో డోనట్లు పంపింది. సాయంత్రానికి ఆ గిన్నె మాగాయతో తిరిగి వచ్చింది. అంతటితో ఊరుకుంటే ఈ కథ లేదు. ఆవిడకి కొత్తగా సెల్‌ఫోను వచ్చింది. డోనట్లనీ మాగాయనీ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి, "హైమ డోనట్లు, నా మాగాయ. ఇచ్చిపుచ్చుకున్నాం" అని వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

ఆ నెల మా ఊళ్లో అక్రమ బేకరీల నిర్మూలన మాసోత్సవం జరుగుతోంది. ఊళ్లో ఉన్నదే ఒక బేకరీ, దానికేమో అన్ని అనుమతులూ ఉన్నాయి. మాసోత్సవం ప్రారంభించిన రోజున కోసిన కేకు కూడా అక్కడిదే. నెలాఖరు దగ్గరపడింది గానీ నిర్మూలించడానికి ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. "మీ పరిధిలో అక్రమం లేకపోవుట మీ అలసత్వమును సూచించుచున్నది" అని పైనుంచి తాఖీదు వచ్చింది. ఇలాంటి సమయంలో ఆ ఫోటో అధికారి మార్కండేయులు గారి కంటపడింది. వారు మా పక్కవీధిలోనే ఉంటారు, ఆ గ్రూపులో వారూ ఉన్నారు. మంచివారే, నిద్రలో కూడా నిబంధన తప్పి పక్కకి తిరగరని పేరు.

మర్నాడు పొద్దున్నే వారు అటెండరు అప్పలకొండని వెంటబెట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు.

"ఈ ఆవరణలో బట్టీ నడుచుచున్నట్టు విశ్వసనీయ సమాచారం" అన్నారు.

"బట్టీ కాదండీ, ఓవెనండీ" అంది హైమ. "ఇంతుంటుంది."

"పరిమాణం అప్రస్తుతం తల్లీ. నిబంధన స్పష్టంగా ఉంది. నీటిలో ఉడికినదీ, నూనెలో వేగినదీ గృహ వంట. మూసిన పెట్టెలో వేడికి కాలినది బేకరీ ఉత్పత్తి."

"అయితే ఇవే నూనెలో వేయిస్తే తప్పులేదా అండీ?" అని అడిగాను.

"నూనెలో వేయిస్తే అది గారె. గారె జోలికి ఈ కార్యాలయం పోదు."

"పాపకి కామెర్లు వచ్చి తగ్గాయండీ. దాని కాలేయానికి నూనె పడదు. అందుకే ఇలా చేశాం."

"నిబంధనలో కాలేయం ప్రస్తావన లేదు" అన్నారు మార్కండేయులు గారు జాలిగానే. "అయినా మీ ఇంట్లో మీరు కాల్చుకుని మీరు తింటే కార్యాలయం కల్పించుకోదు. వ్యాపారం జరిగిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఎవరికైనా సరఫరా చేశారా?"

"సరఫరా ఏంటండీ. పక్కింటి పిన్నిగారికి నాలుగు పంపాను" అంది హైమ.

"ఏ పాత్రలో?"

"గిన్నెలో."

"గిన్నె తిరిగి వచ్చిందా?"

"వచ్చిందండి."

"ఖాళీగా వచ్చిందా?"

హైమ నా వైపు చూసింది. మా వీధిలో ఇలాంటి ప్రశ్న ఎవరూ ఎవర్నీ అడగరు. "ఖాళీగా ఎలా పంపుతారండీ. మాగాయ పెట్టి పంపారు" అంది అమాయకంగా.

మార్కండేయులు గారు ఒక్కక్షణం కళ్లు మూసుకున్నారు. నెలంతా ఎదురుచూసిన మాట అది. "అప్పలకొండా, రాసుకో. సరుకు వెళ్లినది. ప్రతిఫలం ముట్టినది. ప్రతిఫల స్వరూపం, మాగాయ."

అప్పలకొండ రాసుకున్నాడు. తరువాత లక్క కరిగించి ఓవెన్ తలుపుకి సీలు వేశాడు. మిగిలిన డోనట్లని సాక్ష్యంగా స్వాధీనం చేసుకున్నారు గానీ వాటిని పట్టుకెళ్లడానికి కార్యాలయం దగ్గర పాత్ర లేదు. చివరికి హైమే ఒక మూతడబ్బా ఇచ్చింది. "జాగ్రత్తండీ, మా అమ్మ తన పేరు చెక్కించుకున్న డబ్బా" అంది. సాక్ష్యం భద్రంగా ఉంటుందని వారు హామీ ఇచ్చి వెళ్లారు.

నేను కాలేజీలో లైబ్రేరియన్ని. ప్రతి చిక్కుకీ ఏదో ఒక పేజీలో సమాధానం ఉంటుందని నమ్మేవాణ్ని. ఆ నమ్మకంతోనే మర్నాడు కార్యాలయానికి వెళ్లి, ఆదివారంలోగా సీలు తీయించుకోవాలంటే ఏం చేయాలని అడిగాను.

"చాలా సులువు" అన్నారు మార్కండేయులు గారు. "పొగగొట్టం కట్టించాలి. కార్మికులకు వేరే ద్వారం పెట్టించాలి. వారానికొక సెలవు ఇవ్వాలి."

"కార్మికులెవరండీ?"

"మీ ఆవిడ."

"మరి యజమాని?"

"మీరే. అన్నట్టు, ఉత్పత్తి స్థలంలోకి పిల్లలు రాకూడదు. ఇది ఈ క్షణం నుంచే అమలు."

"ఆ ఉత్పత్తి పాప పుట్టినరోజు కోసమేనండీ."

"ప్రభుత్వానికి పుట్టినరోజులుండవు లైబ్రేరియన్ గారూ. ఆర్థిక సంవత్సరాలే ఉంటాయి."

ఇంటికొచ్చి చెబితే, "సరే యజమాని గారూ, ఈ వారం సెలవు నాకివాళే కావాలి" అని హైమ వెళ్లి పడుకుంది. ఆ పూట చారు నేనే పెట్టాను. దాని గురించి ఎక్కువ చెప్పను.

అసలు కష్టం లహరితో వచ్చింది. అది నిబంధనలని నమ్మే వయసు. వంటింటి గడప ఇవతలే నిలబడి, "అమ్మా, మంచినీళ్లు" అని అడగడం మొదలుపెట్టింది. లోపలికి రావే అంటే, మళ్లీ సీలు తీయరేమోనని భయం. "ఆదివారానికి తీసేస్తారా నాన్నా?" అని అడిగింది. తీస్తారమ్మా అన్నాను. నమ్మినట్టు తల ఊపింది. నేను చిన్నబుచ్చుకోకూడదని ఊపిందని అర్థమై నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంతలో కార్యాలయం వారికి మా మాగాయతో కొత్త ఉత్సాహం పుట్టింది. గిన్నె ఖాళీగా వస్తే దానం, నిండుగా వస్తే వ్యాపారం అన్న సూత్రం పైవారికి తెగ నచ్చిందట. దాంతో గిన్నెల క్రమశిక్షణ వారోత్సవం మొదలైంది. ఆటోకి మైకు కట్టి వీధివీధీ తిరిగారు. "ఇరుగుపొరుగువారి పాత్రలను శుభ్రముగా కడిగి, పొడిగుడ్డతో తుడిచి, సంపూర్ణముగా ఖాళీగా తిరిగి ఇచ్చి ప్రగతికి సహకరించవలసినదిగా విజ్ఞప్తి."

మా వీధివాళ్లు చట్టానికి భయపడేవాళ్లే గానీ అలవాటుకి అంతకన్నా ఎక్కువ భయపడతారు. ఒకావిడ గిన్నెలో ఒక్క పంచదార పలుకు వేసి పంపింది. పలుకైనా ప్రతిఫలమేనని కార్యాలయం తేల్చింది. ఇంకొకావిడ తులసి ఆకు వేసింది. పత్రాలూ పుష్పాలూ కూడా పరిగణనలోకి వస్తాయన్నారు. వేరొకావిడ గిన్నెని ఖాళీగానే ఇచ్చి, గోంగూర మాత్రం వేరే సంచిలో తెచ్చింది. సంచి గిన్నెకి బినామీ అన్నారు. చివరికి ఎవరూ ఎవరికీ ఏమీ పంపడం మానేశారు. గుత్తివంకాయ వాసన గోడ దాటి వచ్చేది, గుత్తివంకాయ కూర వచ్చేది కాదు.

భ్రమరాంబ గారి దగ్గర మా గిన్నె ఇంకొకటి ఉండిపోయింది. ఆవిడ దాన్ని కొంగు చాటున పట్టుకుని వచ్చి హైమ చేతిలో పెట్టింది. "తీస్కోవే అమ్మాయ్. కాపరానికొచ్చిన కాణ్ణుంచీ ఖాళీ గిన్నె ఎవరి గుమ్మంలోనూ పెట్టలేదు. నా పాడు ఫోనే మీ కొంపకి సీలేయించింది" అని కళ్లు తుడుచుకుంది.

"మీరేం చేశారు పిన్నీ, ఊరుకోండి" అంది హైమ. ఆ ఖాళీ గిన్నెని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చాలాసేపు చేతిలోనే పట్టుకుంది.

శనివారం పొద్దున అప్పలకొండ ఒక్కడే వచ్చాడు. చేతిలో మా అత్తగారి పేరున్న మూతడబ్బా.

"ఆఫీసులో పరీక్షలు చేసే గది లేదండి. అందుకని పరీక్ష అయ్యగారింటి దగ్గరే జరిగిందండి" అన్నాడు. "అయ్యగారు రెండు పరీక్షించారండి. పిల్లలు పోటీపడి పరీక్షించారండి. అమ్మగారు డబ్బా తోమి, 'తల్లి పేరున్న డబ్బా, వాళ్లకిచ్చేసి రా' అన్నారండి."

డబ్బా బరువుగా ఉంది. హైమ మూత తీసింది. నిండా సున్నుండలు.

"పాప సంగతి నేనే చెప్పానండి. 'నేతివే, నూనె లేదు, పిల్ల తినొచ్చని చెల్లెమ్మకి చెప్పు' అన్నారండి అమ్మగారు" అన్నాడు అప్పలకొండ.

హైమ మూత పెట్టేసి, చెప్పులేసుకుని నన్ను కూడా రమ్మంది. తిన్నగా కార్యాలయానికి వెళ్లి డబ్బాని మార్కండేయులు గారి బల్ల మీద పెట్టింది.

"ఇది మీ ఇంటినుంచి వచ్చిందండి" అంది.

వారు మూత తీశారు. ముఖం మెల్లగా పాలిపోయింది. "ఖాళీగా లేదు" అన్నారు.

"లేదండి. మా డోనట్లు మీ ఇంటికొచ్చాయి, మీ సున్నుండలు మా ఇంటికొచ్చాయి. నాకు నిబంధనలు తెలీవు. ఇదేంటో మీరే చెప్పండి."

 వారు ఇంటికి ఫోను చేశారు. వారి భార్య సీతారత్నం గారి గొంతు గదిలో అందరికీ స్పష్టంగా వినిపించింది. "డబ్బా ఖాళీగా పంపమంటారా? నలుగుర్లో నేను తలెత్తుకు తిరగక్కర్లేదా? మీ రూల్సు మీ ఆఫీసులో పెట్టుకోండి, నా వంటింటి దాకా తేకండి."

వారు ఫోను పెట్టేశారు. "నేరాంగీకారం నమోదైనది" అన్నారు నీరసంగా. మిగతా అధికారులైతే ఆ డబ్బాని సొరుగులో పెట్టేసేవారు. మార్కండేయులు గారు అలాంటివారు కారు. "అప్పలకొండా, లక్క తీసుకో. మా ఇంటికి పద."

"అయ్యా, మరి మధ్యాన్నం బోజనం?"

"నిబంధనలో భోజనం ప్రస్తావన లేదు."

అలా తినుబండారాల క్రమబద్ధీకరణాధికారి గారి వంటింటికి సీలు పడింది. ఊరంతా వెళ్లి చూసొచ్చింది. మాసోత్సవం మొత్తానికి పట్టుబడినవి రెండే స్థావరాలు, అందులో ఒకటి వారిదే. నేను లోపల కాస్త సంతోషించానని దాచను. హైమ సంతోషించలేదు. తన ఓవెన్ సీలు అలాగే ఉంది, తెల్లారితే పుట్టినరోజు.

మధ్యాహ్నం గడిచేసరికి మార్కండేయులు గారి పిల్లలు అన్నం తినలేదన్న మాట భ్రమరాంబ గారి చెవిన పడింది. "సీలూ లేదు బోలూ లేదు, పసిపిల్లల్ని పస్తుంచుతామా ఏంటి" అని ఆవిడ క్యారియరులో పప్పూ, అన్నం, పెరుగూ సర్ది పట్టుకెళ్లింది. వాళ్లు తిన్నారు. మార్కండేయులు గారూ తిన్నారు. చిక్కంతా తరువాత వచ్చింది. అది అప్పలకొండ కళ్లారా చూశాడు. సీతారత్నం గారు క్యారియరు తోముకుని, అందులో ఏదైనా పెడదామని వంటింటి దాకా వెళ్లి ఆగిపోయింది. పంచదార లోపల. బెల్లం లోపల. ఉప్పు కూడా లోపలే. సీలు వేసిన తలుపు ముందు ఖాళీ క్యారియరుతో నిలబడి ఆవిడ ఏడ్చేసిందట.

"ఖాళీగానే ఇవ్వొచ్చు కదా. నిబంధన కూడా అదే" అన్నారట వారు.

"అయితే మీరే ఇచ్చి రండి" అందట ఆవిడ.

సాయంత్రం నేను మా అరుగు మీద కూర్చుని ఉండగా మార్కండేయులు గారు ఖాళీ క్యారియరు పట్టుకుని మా వీధిలోకి వచ్చారు. భ్రమరాంబ గారి గుమ్మం ముందు ఆగారు. దించుదామని వంగి, దించలేక లేచారు. మళ్లీ వంగారు, మళ్లీ లేచారు. ఎంత ఒళ్లు మండి ఉన్నా, ఆ మనిషిని చూస్తే నాకు పాపం అనిపించింది. క్యారియరు చప్పుడుకి భ్రమరాంబ గారు బయటికి వచ్చింది.

"ఇలా తే నాయనా. దానికేముంది? సీతారత్నం నాకు కూతురు వరస. కూతురు ఖాళీ క్యారియరు పంపితే తల్లి ఏవన్నా అనుకుంటుందా?" అంది.

మార్కండేయులు గారు క్యారియరు ఇవ్వడం మరిచిపోయారు. "కూతురా? ఎటునుంచి బంధుత్వం?"

"ఎటునుంచేంటి నాయనా. వీధి నుంచే."

"హైమవతి గారు మిమ్మల్ని ఏమని పిలుస్తారు?"

"పిన్నీ అంటుంది."

వారు అక్కడే నిలబడి లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టారు. "మా ఆవిడ హైమవతి గారిని చెల్లెమ్మా అన్నది. అప్పలకొండ సాక్షి." వారి ముఖంలోకి మెల్లగా రక్తం తిరిగి వచ్చింది. తల ఎత్తి, అరుగు మీదున్న నన్ను చూసి, "అయితే మీరు నాకు తోడల్లుడవుతారు" అన్నారు. నేను లేచి నమస్కారం పెట్టాను.

ఆదివారం పొద్దున కార్యాలయం ఉత్తర్వు వచ్చింది. వారే స్వయంగా తెచ్చి, మా గుమ్మంలో నిలబడి చదివారు. "సమగ్ర విచారణ జరుపగా, ఈ వీధులందు నివసించువారందరూ ఒకరికొకరు పిన్ని, బాబాయి, అక్క, బావ, వదిన వరసలవారేననియూ, వరస కానివారు ఒక్కరైనను లేరనియూ తేలినది. బంధువుల మధ్య పెట్టుపోతలు వ్యాపారం కానేరవు. కావున ఓవెనుకు, అధికారి వారి వంటింటికి విముక్తి కలిగించడమైనది."

అప్పలకొండ లక్క పగలగొట్టాడు. హైమ తెల్లవారకముందే పిండి కలిపి, తడిగుడ్డ కప్పి ఉంచింది. సీలు తీస్తారని తనకెవరు చెప్పారో నేను అడగలేదు. కాసేపటికి వెన్న, యాలకుల వాసన వీధిలోకి పోయింది. లహరి ముందు గడప దగ్గరే ఆగి మార్కండేయులు గారి వైపు చూసింది. వారు తల ఊపాక వంటింట్లోకి పరుగెత్తింది. స్నేహితురాళ్లు వచ్చారు. అందరితోపాటు అదీ తింది. ఈసారి చిల్లులోంచి ఎవర్నీ చూడలేదు, అంత తీరిక లేదు. హైమ పైట చెంగుతో కళ్లు ఒత్తుకుని, పొగ అంది. ఓవెనుకి పొగ రాదు.

మార్కండేయులు గారు గుమ్మంలోనే నిలబడ్డారు, విధుల్లో ఉన్నానని లోపలికి రాలేదు. హైమ వాళ్లమ్మ పేరున్న డబ్బా నిండా డోనట్లు సర్ది తెచ్చింది. వారు డబ్బాని చూసి రెండడుగులు వెనక్కి వేశారు.

"డబ్బా వద్దమ్మా. ఒకటి చేతిలో పెట్టు, చాలు."

లహరి వెళ్లి వారి అరచేతిలో ఒకటి పెట్టి, "తినండి పెదనాన్నా" అంది. వారు నిలబడే తిన్నారు. వేళ్లకంటిన పంచదార కూడా వదల్లేదు. తినడం అయిపోయాక వెళ్లబోయి ఆగారు. చొక్కా జేబు తడుముకున్నారు, తరువాత ప్యాంటు జేబులు. ఏమీ లేదు. గుమ్మం దిగలేక అటూ ఇటూ చూశారు. చివరికి అప్పలకొండ భుజానున్న సంచిలో చెయ్యిపెట్టి, సీళ్లు వేసే ఎర్రటి లక్క ముక్క తీసి పిల్ల చేతిలో పెట్టారు.

"పుట్టినరోజు పిల్ల దగ్గర తిని వట్టి చేతులతో ఎలా వెళ్లనమ్మా" అన్నారు.

అప్పలకొండ పుస్తకం తీశాడు. ఏమనుకున్నాడో, రాసుకోకుండా మళ్లీ మూసేశాడు.